ఫోర్ వీల్ లివర్ ఇరుక్కుపోయిందా..? ట్రాన్స్‌ఫర్ కేస్ దించే ముందు బండిని ఒక్కసారి వెనక్కి నడపండి!

ఆదివారం పొద్దున్నే సికింద్రాబాద్ నుంచి పాత జిప్సీ వేసుకుని అనంతగిరి కొండల వైపు వెళ్లారు. వాన పడింది. మట్టి దారి బురదైంది. ఫోర్ వీల్ వేశారు, బండి ఎద్దులా లాగేసింది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో తారు రోడ్డు ఎక్కాక లివర్ లాగితే రాదు. రెండు చేతులతో లాగినా రాదు. స్టీరింగ్ బిగుసుకుపోయింది, మలుపు తిప్పితే టైర్లు కీచుమంటున్నాయి. ఇంటికి చేరాక మెకానిక్ బండి కిందకి దూరి చూసి తరచూ చెప్పే మాట ఒకటే.. "ట్రాన్స్‌ఫర్ కేస్ పోయింది సార్, దించాల్సిందే."

ఆగండి. దించడానికి ఒప్పుకునే ముందు ఒక పని ఉంది. దానికి రూపాయి ఖర్చు లేదు, పానా కూడా అక్కర్లేదు. ఎందుకంటే ఇలా బురద నుంచి తారు రోడ్డు మీదకు వచ్చాక ఇరుక్కున్న లివర్ విషయంలో ముందుగా అనుమానించాల్సింది లోపలి పళ్లచక్రాలను కాదు.. వాటి మధ్య బిగుసుకున్న మెలిని. తడి బట్టను రెండు చివర్లా పట్టుకుని పిండితే అది ఎలా బిర్రుగా అవుతుందో, ఇదీ అంతే. మెలి వదిలిందా, లివర్ రెండు వేళ్లతో తోసినా వచ్చేస్తుంది. మెలి అలాగే ఉండగా సుత్తితో కొట్టినా రాదు. పైగా అప్పటిదాకా బాగున్న ఫోర్క్ వంగిపోతుంది. లేని రిపేరును చేజేతులా తెచ్చుకున్నట్టే.

ఇంతకీ ట్రాన్స్‌ఫర్ కేస్ చేసే పనేంటి?

గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తి ఎటు వెళ్లాలో తేల్చే పెట్టె ఇది. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ లాంటిది అనుకోండి. టూ వీల్‌లో ఉంటే శక్తి అంతా వెనక యాక్సిల్‌కే పోతుంది. ఫోర్ వీల్ వేస్తే ముందు యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కూడా వెనకదానికి జత చేస్తుంది. దీంతోపాటు 'లో' అనే ఇంకో స్థానం ఉంటుంది. అందులో వేగం బాగా తగ్గి, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. పాత జీపుల్లో ఇది దాదాపు రెండున్నర రెట్లు. నిటారు గుట్ట ఎక్కడానికి, బురదలోంచి ట్రాలీ లాగడానికి పనికొచ్చేది ఇదే.

మన దగ్గర రోడ్ల మీద ఇప్పటికీ కనిపించే పాత ఫోర్ వీల్ బండ్లు ప్రధానంగా రెండు జాతులు. ఒకటి మహీంద్రా జీపులు.. సీజే మోడళ్లు, ఎమ్‌ఎమ్ 540, ఎమ్‌ఎమ్ 550 లాంటివి. వీటి మూలం రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు. 1947 నుంచి మహీంద్రా వాటిని ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. వీటిలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్ వెనకాలే అతికి ఉంటుంది. చాలా వాటిలో రెండు చిన్న లివర్లు ఉంటాయి.. ఒకటి ముందు చక్రాలను కలపడానికి, ఇంకొకటి హై, లో మార్చడానికి. రెండో జాతి మారుతి జిప్సీ. 1985లో వచ్చింది, 1996లో 1.3 లీటర్ ఇంజిన్‌తో జిప్సీ కింగ్ అయింది, 2019 నాటికి షోరూముల నుంచి తప్పుకుంది. దీనిలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్‌కు అతికి ఉండదు. కాస్త వెనకగా ఛాసిస్‌కు రబ్బరు మౌంటింగ్‌ల మీద విడిగా వేలాడుతుంది. మధ్యలో ఒక పొట్టి షాఫ్ట్ రెండింటినీ కలుపుతుంది. లివర్ ఒక్కటే. దాని మీదే 2హెచ్, 4హెచ్, న్యూట్రల్, 4ఎల్ అని వరుసగా ఉంటాయి.

సికింద్రాబాద్‌లో ఈ బండ్ల మీద మోజు ఊరికే రాలేదు. ఇది 1806 నుంచి దండు ఊరు. కంటోన్మెంట్ వీధుల్లో సైన్యం జీపులు, జిప్సీలు చూస్తూ పెరిగిన తరాలున్నాయి. సైన్యం బండ్లను బాగుచేసే ఈఎంఈ విభాగానికి చెందిన మిలిటరీ కాలేజీ కూడా తిరుమలగిరి దగ్గరే ఉంది. వేలంలో సైన్యం వదిలించుకున్న జీపు కొని, రంగు వేయించి, వారాంతాల్లో తిప్పేవాళ్లు ఇక్కడ తక్కువేం కాదు. చిక్కల్లా, బండి మిలిటరీదైనా నడిపే రోడ్డు మాత్రం రాజీవ్ రహదారి కావడంతోనే వస్తుంది.

ఒక్క మలుపులో 80 సెంటీమీటర్ల తేడా!

ఈ మెలి ఎందుకు పడుతుందో అర్థమైతే మిగతా కథంతా సులువే. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు బయటి వంపులో, వెనక చక్రాలు లోపలి వంపులో వెళ్తాయి. అంటే ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఎంత ఎక్కువ? జిప్సీ వీల్‌బేస్ 2,375 మిల్లీమీటర్లు. వెనక యాక్సిల్ మధ్య భాగం 5 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతోందనుకుంటే, ముందు యాక్సిల్ మధ్య భాగం సుమారు 5.5 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంది. సందు చివర ఒక్క మలుపు, అంటే పావు వృత్తం తిరిగేసరికి వెనకది 7.85 మీటర్లు పోతే ముందుది దాదాపు 8.7 మీటర్లు పోవాలి. తేడా 80 సెంటీమీటర్ల పైమాటే.

టూ వీల్‌లో ఈ తేడాతో పేచీ లేదు. ముందు చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి కాబట్టి వాటి దారి అవి చూసుకుంటాయి. ఫోర్ వీల్ వేయగానే మాత్రం ముందు షాఫ్ట్, వెనక షాఫ్ట్ ఒకదానికొకటి కట్టేసినట్టు అవుతాయి. రెండూ ఒకే వేగంతో తిరగాలి. కానీ రోడ్డేమో వేర్వేరు దూరాలు అడుగుతోంది. బురదలో, ఇసుకలో, గులకరాళ్ల మీద అయితే టైరు కాస్త జారి ఆ తేడాను సర్దేస్తుంది. ఎండిన తారు రోడ్డు మీద టైరు జారదు. అప్పుడు ఆ 80 సెంటీమీటర్ల లెక్క ఎక్కడికి పోవాలి? షాఫ్ట్‌లలోకి, యాక్సిల్‌లలోకి, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో జత కట్టే ఆ చిన్న పళ్ల మీదకు పోతుంది. పళ్లు ఒకదానికొకటి అదిమిపట్టుకుని కూర్చుంటాయి. మీరు లాగే లివర్ ఆ పళ్లనే పక్కకు జరపాలి. అందుకే రాదు.

కొత్త కార్లలో కొన్ని ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే నడుస్తాయి కదా, వాటికి ఈ సమస్య రాదా అని అడగొచ్చు. వాటిలో ఈ తేడాను సర్దడానికి ముందు, వెనక యాక్సిల్‌ల మధ్య ఇంకో డిఫరెన్షియల్ లాంటి ఏర్పాటు ఉంటుంది. పాత జీపు, జిప్సీల్లో అది లేదు. వీటిలో ఫోర్ వీల్ అనేది అవసరం పడ్డప్పుడు వేసి, అవసరం తీరగానే తీసేయాల్సిందే.

వెనక్కి నడిపితే చాలు.. కానీ ఎలా?

ముందుకు వెళ్తూ పడ్డ మెలి, వెనక్కి వెళ్తే విడుతుంది. చెప్పడానికి ఇంతే. అయితే చాలామంది "చేశాను సార్, రాలేదు" అనడానికి కారణం చేసే పద్ధతిలో ఉంది.

ముందుగా ట్రాఫిక్ లేని చోటు చూసుకోండి. వీలైతే రోడ్డు పక్క మట్టి మీదకు దిగండి. అది కుదిరితే సగం పని అయిపోయినట్టే. రివర్స్ గేర్ వేసి, క్లచ్ మెల్లగా వదులుతూ నడక కంటే నెమ్మదిగా వెనక్కి వెళ్లండి. యూటర్న్ తీసుకున్నాక ఇరుక్కుని ఉంటే, స్టీరింగ్ అలాగే ఉంచి వచ్చిన వంపులోనే వెనక్కి వెళ్లడం మంచిది. ఎటు నుంచి మెలి పడిందో అటు నుంచే విడుతుంది. ఈ సమయంలో ఎడమ చెయ్యి ఫోర్ వీల్ లివర్ మీదే ఉండాలి. 2హెచ్ వైపు మెత్తగా ఒత్తుతూ ఉండాలి, లాగకూడదు. మెలి పూర్తిగా విడిచిన క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణంలో లివర్ 'టక్' మని దానంతట అదే జారుతుంది.

ఆ క్షణం చాలా చిన్నది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఒకటి రెండు మీటర్లు చాలు. అలాగే పది మీటర్లు వెనక్కి పోతే మెలి విడిచి, మళ్లీ రెండో వైపు బిగుసుకుంటుంది. అందుకే బండి ఆపి, తర్వాత లివర్ లాగితే ప్రయోజనం ఉండదు. బండి కదులుతుండగానే చెయ్యి లివర్ మీద ఉండాలి. ఒకసారి రాకపోతే మీటరు ముందుకు, మీటరు వెనక్కి నిదానంగా ఊపండి. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి వదలడం, కదులుతుండగా క్లచ్ ఒక్కసారి నొక్కడం.. ఇవన్నీ పళ్ల మీద ఒత్తిడిని క్షణం పాటు తగ్గించే పనులే. రెండు లివర్ల జీపులో అయితే 'లో'లో ఉండగా ముందు చక్రాల లివర్ తీయడానికి ప్రయత్నించకండి. ముందు హైకి రావాలి, తర్వాతే అది వదులుతుంది.

ఇది కూడా పని చేయకపోతే జాకీ మార్గం ఉంది. ఒక ముందు చక్రాన్ని నేల మీంచి లేపితే మెలి అంతా ఆ చక్రం గుండా బయటికి వచ్చేస్తుంది. ఇది చెప్పినంత తేలిక కాదు, ప్రమాదం ఉన్న పని కూడా. చక్రం నేల వదిలిన మరుక్షణం ఒక్క కుదుపుతో గిర్రున తిరగొచ్చు, కాబట్టి దాని మీద చెయ్యి గానీ కాలు గానీ ఉండకూడదు. చదునైన గట్టి నేల మీదే చేయాలి. ఇంజిన్ ఆపేయాలి, రెండు వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలో, పెద్ద రాళ్లో పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ ఉందిగా అని ఊరుకోకండి!

ఎందుకంటే విల్లీస్ కాలం నాటి డిజైన్ ఉన్న జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాల మీద ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకాల షాఫ్ట్ మీద ఉన్న చిన్న డ్రమ్‌ను పట్టుకుంటుంది. షాఫ్ట్ ఆగినా, డిఫరెన్షియల్ పుణ్యమా అని ఒక వెనక చక్రం గాల్లో ఉంటే అది ఒకవైపు, నేల మీదున్న రెండోది మరోవైపు తిరగగలవు. అంటే హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్నా బండి జాకీ మీంచి జారిపోవచ్చు. అందుకే వెనక చక్రం జోలికి పోకుండా ముందు చక్రమే ఎత్తమనేది.

ఇంకో రెండు హెచ్చరికలు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో పడితే, గేర్‌బాక్స్ ఫస్ట్ గేర్‌లో ఉన్నా బండి ఆగదు. గేర్లో పెట్టాను కదా అని దిగేసి వెళ్తే వాలులో దొర్లిపోతుంది. ఇరుక్కున్న లివర్‌తో కుస్తీ పట్టేటప్పుడు అది సరిగ్గా ఈ న్యూట్రల్‌లోనే ఆగే అవకాశం ఎక్కువ. రెండోది.. ఫోర్ వీల్ ఇరుక్కుని ఉండగా వెనక చక్రాలను మాత్రం లేపి, ఇంజిన్ ఆన్ చేసి గేర్ వేసి "చూద్దాం" అనేవాళ్లుంటారు. నేల మీదున్న ముందు చక్రాలు బండిని లాగేస్తాయి. స్టాండ్ మీంచి కింద పడే బండి కింద ఎవరుంటారో ఊహించుకోండి.

వచ్చేసింది.. ఇక అయిపోయిందా?

లివర్ వచ్చేశాక ఒక ప్రశ్న మిగులుతుంది. తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో ఎంత దూరం నడిపారు? కొన్ని కిలోమీటర్లు నడిపి ఉంటే ఇరుక్కోవడం సహజమే, బండి తప్పు లేదు. అలా కాకుండా మట్టి రోడ్డు మీద తిన్నగా వెళ్లినా మళ్లీ మళ్లీ ఇరుక్కుంటోందంటే టైర్లు చూడండి.

ఇది చాలామంది పట్టించుకోని విషయం. ముందు రెండు కొత్త టైర్లు, వెనక రెండు అరిగినవి వేశారనుకోండి. జిప్సీకి వేసే 205/70 ఆర్15 టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు. వెనక టైర్ల థ్రెడ్ 6 మిల్లీమీటర్లు అరిగిందంటే వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గినట్టు. ఆ లెక్కన కిలోమీటరుకు దాదాపు 18 మీటర్ల తేడా వస్తుంది. తిన్నగా వెళ్తున్నా సరే! స్టీరింగ్ తిప్పక్కర్లేదు, మెలి పడుతూనే ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉన్న నాలుగు టైర్లు ఉండాలి. గాలి కూడా మాన్యువల్ ప్రకారం చూడాలి. ఐదు నిమిషాల పని. ఇది చూడకుండా ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పించడం, చెప్పులో రాయి ఉంటే కాలికి ఎక్స్‌రే తీయించినట్టుంటుంది.

మెలి లేదు, అయినా లివర్ కదలదు

బండి ఆరు నెలలుగా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి ఉంది. ఫోర్ వీల్ ఎప్పుడు వేశారో గుర్తే లేదు. ఇప్పుడు లివర్ ఇనుప కడ్డీలా బిగుసుకుపోయి ఉంది. ఇది వేరే జబ్బు. ఇక్కడ వెనక్కి నడిపినా ఫలితం ఉండదు.

లివర్‌కు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు మధ్య బుష్‌లు, పిన్‌లు, జీపులైతే ఇరుసు మీద తిరిగే లివర్ బుడ్డ ఉంటాయి. కింద నుంచి వాన నీళ్లు, బురద కొట్టి కొట్టి అవి తుప్పు పట్టేస్తాయి. పైన రబ్బరు బూట్ చిరిగితే ఇక చెప్పక్కర్లేదు. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. లివర్‌ను ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర విడదీసి చూడాలి. విడదీశాక కూడా లివర్ బిగుసుకునే ఉంటే తప్పు లివర్‌దే. లివర్ తేలిగ్గా కదిలి, కేస్‌లోంచి బయటికి వచ్చిన రాడ్డు కదలకపోతేనే తప్పు లోపల. ఈ ఒక్క పరీక్షతో వేల రూపాయల తేడా వస్తుంది. మెకానిక్‌తో "ముందు లింకేజ్ విప్పి చూపించండి" అని అడగడం మీ హక్కు. మంచి మెకానిక్ దానికి నొచ్చుకోడు.

తుప్పు లింకేజ్‌కు మందు తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే, ఒక రాత్రి ఓపిక, తర్వాత గ్రీజు. తొందరపడి పైపు తొడిగి లివర్ లాగితే పిన్ విరుగుతుంది. జిప్సీలో ఇంకో కోణం కూడా ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్ రబ్బరు మౌంటింగ్‌ల మీద వేలాడుతుంది కదా.. ఆ రబ్బర్లు నలిగిపోతే కేస్ కొద్దిగా వాలిపోతుంది. అప్పుడు లివర్ ఫ్లోర్ కంతకు తగులుతూ పూర్తిగా గేర్‌లోకి వెళ్లదు, లేదా సగంలో బయటికి దూకుతుంది. లోపల అంతా సవ్యంగానే ఉంటుంది, మార్చాల్సింది రబ్బర్లే. కొత్తగా మందపాటి కార్పెట్ వేయించాక ఫోర్ వీల్ పడటం మానేసిన బండ్లూ ఉంటాయి. నవ్వకండి, ముందు అదీ చూసుకోండి.

ఇక 'లో' పడటం లేదన్న ఫిర్యాదు. బండి పూర్తిగా ఆగాలి, లేదా పాకుతున్నట్టు కదలాలి. క్లచ్ పూర్తిగా నొక్కాలి. పరిగెత్తే బండిలో 'లో' వేయబోతే గర్‌ర్‌ర్‌మని అరుస్తుందే తప్ప పడదు. రెండు లివర్ల జీపులో అయితే ముందు చక్రాలను కలపకుండా 'లో' పడదు. రెండు రాడ్ల మధ్య ఒక చిన్న అడ్డు పిన్ పెట్టి కావాలనే అలా కట్టారు. ఒక్క వెనక యాక్సిల్ మీదే 'లో' బలమంతా పడితే విరుగుతుందని ఆ జాగ్రత్త. పాత జీపు కొత్తగా కొన్నవాళ్లు దీన్ని చెడిపోవడం అనుకుని గ్యారేజీకి పరిగెత్తుతుంటారు.

ఆయిల్ ఏం చెబుతోందో వినండి

లోపలి సంగతి తెలియాలంటే విప్పక్కర్లేదు, డ్రెయిన్ ప్లగ్ తీస్తే చాలు. బండి కాస్త తిరిగి వెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్‌ను శుభ్రమైన తెల్లటి గిన్నెలోకి దించండి. నల్లగా ఉందంటే పాతది, అంతే. పాలలా, కాఫీలా ఉంటే నీళ్లు కలిశాయి. వాగులు దాటిన బండ్లలో ఇది మామూలే, వెంటనే మార్చేయాలి. ప్లగ్‌కు మెత్తటి బూడిద రంగు పొడి అంటుకుంటే అది మామూలు అరుగుదల. గోరు ముక్కల్లాంటి ఇనుప తునకలు, సూది బేరింగ్ ముక్కలు వచ్చాయంటే మాత్రం విప్పాల్సిందే.

మహీంద్రా జీపుల్లో ఒక తమాషా ఉంది. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఒకదానికొకటి అతికి ఉండటంతో, మధ్య సీల్ అరిగితే ఆయిల్ ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి పోతుంది. ఒకటి నిండి పొంగుతుంటుంది, రెండోది ఎండిపోయి ఉంటుంది. బయట చుక్క కారదు కాబట్టి ఎవరికీ తెలియదు. అందుకే లెవల్ ఎప్పుడూ రెండింట్లోనూ చూడాలి. ఆయిల్ గ్రేడ్ విషయంలో షాపులో ఏది ఇస్తే అది పోయొద్దు. మాన్యువల్‌లో జీఎల్-4 అని ఉంటే అదే అడగండి. జీఎల్-5 ఆయిళ్లలో కొన్నింట్లోని రసాయనాలు గేర్‌బాక్స్ లోపలి ఇత్తడి రింగులకు పడవు. పైన చెప్పినట్టు రెండింటి ఆయిళ్లూ కలిసే జీపులో ఇది ఇంకా ముఖ్యం.

నిజంగా విప్పాల్సి వస్తే..

టూ వీల్‌లో కూడా గీరుతున్న శబ్దం, ఎక్కిన గేర్ మాటిమాటికీ బయటికి దూకడం, గిన్నెలో ఇనుప తునకలు, లింకేజ్ విడదీసినా కదలని రాడ్డు.. ఇవి ఉంటే ఇక వాయిదా వేయొద్దు. విల్లీస్ వంశపు ట్రాన్స్‌ఫర్ కేస్‌లలో ముందుగా అరిగేది మధ్య షాఫ్ట్, దాని సూది బేరింగులు. ఎటూ విప్పారు కాబట్టి ఆయిల్ సీల్స్, గ్యాస్కెట్‌లు కొత్తవి వేయించేయండి. వాటి కోసం మళ్లీ దించే కూలీతో పోలిస్తే ఆ ఖర్చు ఏపాటి?

సామాన్ల కోసం సికింద్రాబాద్‌వాళ్లు దూరం వెళ్లక్కర్లేదు, రాణీగంజ్ ఉండనే ఉంది. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బోల్టుల షాపులు వరసగా ఉంటాయి. కాకపోతే ఫోన్‌లో ఫొటో చూపించి కొనకండి. పాత ముక్కను కడిగి, గుడ్డలో చుట్టి పట్టుకెళ్లండి. ఆ మధ్య షాఫ్ట్ ఉంది చూశారూ, విల్లీస్ రోజుల నుంచి వేర్వేరు మందాల్లో వచ్చింది. చూడ్డానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, బిగించబోతే పట్టవు. బేరింగ్ మీద చెక్కిన నంబర్, షాఫ్ట్ మందం కాలిపర్‌తో కొలిచిన కొలత.. ఈ రెండూ కాగితం మీద రాసుకుని వెళ్తే షాపువాళ్లు కూడా మిమ్మల్ని వేరేగా చూస్తారు.

స్కార్పియో, సఫారీల్లోని బటన్ తిప్పితే మారే ఫోర్ వీల్ వేరే లోకం. అక్కడ లివర్ బదులు చిన్న మోటార్ పనిచేస్తుంది. ముందు ఫ్యూజు, బ్యాటరీ, మోటార్‌కు వెళ్లే వైరు ప్లగ్గు చూడాలి. మెలి సూత్రం మాత్రం వాటికీ అంతే.

నడిదారిలో ఇరుక్కుంది, ఇంటికి ఎలా?

ఎన్ని చేసినా రాలేదు. శామీర్‌పేట దాటి చీకటి పడింది. ఇలాంటప్పుడు అలాగే నడిపేద్దాం అనిపిస్తుంది. నాలుగైదు కిలోమీటర్లు, తిన్నటి దారి, నెమ్మదిగా అయితే బండి భరిస్తుంది. ఊరి మధ్య నుంచి, మలుపు తర్వాత మలుపు తిప్పుతూ అయితే భరించదు. ముందు పోయేది క్రాస్ బేరింగో, టైరో చెప్పలేం.

కొన్ని బండ్ల ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే హబ్‌లు ఉంటాయి.. లాక్, ఫ్రీ అని రాసి ఉంటుంది. అవి ఉంటే మీ అదృష్టం. రెండింటినీ ఫ్రీలో పెడితే ముందు చక్రాలు విడిపోతాయి. లోపల ఫోర్ వీల్ ఇరుక్కుని ఉన్నా బండి వెనక చక్రాలతోనే నడుస్తుంది. మెలి వల్ల హబ్ కూడా బిగుసుకుంటే ముందు రెండు మీటర్లు వెనక్కి నడిపి అప్పుడు తిప్పండి.

హబ్‌లు లేకపోతే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేయడమే. రెండు చివర్లా నాలుగేసి బోల్టులో, నట్లో ఉంటాయి, ఒక పానా సెట్ చాలు. షాఫ్ట్ మీద, ఫ్లాంజ్ మీద సుద్దముక్కతో గీత పెట్టుకోండి. తిరిగి బిగించేటప్పుడు అదే గీతలు కలవాలి, లేదంటే వణుకుతుంది. బోల్టులు విప్పేముందు కూడా బండిని ముందుకూ వెనక్కీ ఊపి మెలి తగ్గించాలి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. షాఫ్ట్ తీశాక హైలో ఉంటే మామూలు టూ వీల్ బండిలా నడుస్తుంది. 'లో'లో ఇరుక్కుంటే ఈ ఉపాయం వాడకండి, బలమంతా వెనక యాక్సిల్ మీదే పడుతుంది. అప్పుడు టోయింగ్ వాన్ పిలవడమే మేలు. పిలిచేటప్పుడు నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ కావాలని గట్టిగా చెప్పండి. ముందు చక్రాలు మాత్రం ఎత్తి లాక్కెళ్తే, రోడ్డు మీద తిరిగే వెనక చక్రాలు కట్టేసి ఉన్న ముందు చక్రాలను గాల్లో తిప్పుతూ ట్రాన్స్‌ఫర్ కేస్‌ను ఇంకా పాడు చేస్తాయి.

పాత జీపు కొనబోతున్నారా?

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ప్రతి 5 ఏళ్లకు ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. కాబట్టి కాగితాలు ఎలాగూ చూస్తారు. ఫోర్ వీల్ మాత్రం చాలామంది అమ్మేవాళ్ల ఇంటి ముందు సిమెంట్ రోడ్డు మీద లివర్ వేసి, డాష్‌బోర్డు మీద లైటు వెలగ్గానే "సూపర్" అని తృప్తి పడిపోతారు. ఆ లైటును వెలిగించేది లివర్ దగ్గరి చిన్న స్విచ్ మాత్రమే. ముందు చక్రాలు లాగుతున్నాయో లేదో దానికి తెలియదు. ఏళ్ల తరబడి ముందు షాఫ్ట్ విప్పేసి తిప్పుతున్న బండ్లలో కూడా ఆ లైటు నిక్షేపంగా వెలుగుతుంది.

అందుకే బేరం తేల్చుకునే ముందు కింద వంగి ముందు షాఫ్ట్ ఉందో లేదో చూడండి. తర్వాత బండిని దగ్గర్లో వదులు మట్టి ఉన్న ఖాళీ స్థలానికి తీసుకెళ్లమనండి. ఫోర్ వీల్ వేసి నెమ్మదిగా కదిలిస్తూ, స్నేహితుణ్ని దూరంగా పక్కన నిలబెట్టి ముందు చక్రాలు మట్టిని తవ్వుతున్నాయో లేదో చూడమనండి. 'లో' వేయించండి, తీయించండి. లివర్ ఎన్నిసార్లు వేసి తీసినా ఒకేలా పడాలి. మట్టి స్థలానికి రావడానికి అమ్మేవాళ్లు సాకులు చెబితే, ట్రాన్స్‌ఫర్ కేస్ పని ఖర్చు ముందుగానే ధరలోంచి తగ్గించి బేరం ఆడండి.